పసుపు నీళ్ళు పడ్డ నోటుబుక్కు

ఈ తెలుగు అక్షరాలు నేను ఉద్యోగం మానుకున్నాక, ఒకటో తరగతి వాచకం ముందేసుకుని నేర్చుకున్నవి. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు. ఎన్ని తరాల కిందట వచ్చారో ఎవరికీ తెలియదు గానీ మేము కోయంబత్తూరు వాళ్ళమే. బడి తమిళంలో, కాలేజీ ఇంగ్లీషులో అయిపోయాయి. కాబట్టి నేనిక్కడ ఏమి రాసినా మా ఇంట్లో పట్టుకునేవాళ్ళు లేరు. అది చూసుకునే ఈ సంగతి తెలుగులో రాస్తున్నాను. ఇదీ ఒక పిరికితనమే, ముందే ఒప్పుకుంటున్నాను.

సంగతి లీనియర్ ఆల్జీబ్రా గురించి. నవ్వకండి. బతుకంతా ఆ పాఠం చెప్పి జీతం తీసుకున్నాను. ఐగెన్ వెక్టర్ అంటే ఏమిటో మా మేడం చెప్పినట్టు ఎవరూ చెప్పలేరని పిల్లలు అనేవాళ్ళు. అన్నప్పుడల్లా నాకు చెవులు కాలిపోయేవి. అది నేను చెప్పింది కాదు. నాకు ఒకామె చెప్పింది. ఆమెకు నేను చేసిన పని ఇది.

మేముండే పీలమేట్లో అప్పుడు పొద్దు మిల్లు సంగును బట్టి నడిచేది. సంగు అంటే సైరన్. మొదటి సంగుకు మా అవ్వ లేచేది, రెండో సంగుకు మా నాయన మిల్లు ఆఫీసుకు బయల్దేరేవాడు, మూడో సంగుకు నేను కాలేజీ బస్సు కోసం పరిగెత్తేదాన్ని. ఊరి బయట మాకు పత్తి పొలాలుండేవి. బీఎస్సీ లెక్కలు చదివే ఆడపిల్ల మా వీధిలో నేనొక్కదాన్నే, ఆ పొగరు నాకు దండిగా ఉండేది.

ఆఖరి ఏడాది లీనియర్ ఆల్జీబ్రా పేపరు వచ్చి ఆ పొగరు దించింది. అంతవరకు లెక్కలంటే అంకెలు. ఇప్పుడు వెక్టర్ స్పేస్ అంటారు, కంటికి కనపడదు. బేసిస్ అంటారు, చేతికి చిక్కదు. చదువుకుందామంటే దారులు మూడే. ఒకటి మా మేడం చెప్పి రాయించే నోట్సు. ఆమె తెలివైనదే గానీ గాలివేగంతో చెప్పేది, సగం వాక్యాలు మా చేతికందేవి కావు. రెండోది బజార్లో దొరికే గైడు. దాంట్లో లెక్క ఒకటి, దానికి జవాబు ఇంకో లెక్కది. మూడోది లైబ్రరీలో ఉన్న లావుపాటి విదేశీ పుస్తకం. కాలేజీ మొత్తానికి ఒక్కటే ప్రతి, అట్ట మీద ఎర్ర సిరాతో రెఫరెన్స్ అని ముద్ర. ఇంటికివ్వరు. అక్కడే కూర్చుని చదవాలి, చదివి అక్కడే పెట్టాలి.

ఆ పుస్తకాన్ని మాలో ఒక్కతే లొంగదీసింది. పోదనూరు నుంచి వచ్చే పిల్ల. తండ్రి రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగులో పని, తల్లి మిల్లు రీలింగులో, అంటే కండెల మీది నూలును చిలపలుగా చుట్టే చోట. రోజూ మధ్యాహ్నం మేమంతా టిఫిన్ డబ్బాలు విప్పుకునే వేళకు ఆమె నాలుగు ముద్దలు మింగి లైబ్రరీకి పోయేది. ఏడాది పొడుగునా అట్లా పోయి ఆ పుస్తకాన్ని చేత్తో ఎత్తి రాసుకుంది. కాగితాలు వాళ్ళ నాయన తెచ్చినవి, పనికిరాని రైల్వే ఫారాలు, వెనక పక్క తెల్లగా ఉండేవి. వాళ్ళమ్మ వాటిని మిల్లు నూలుతో కుట్టి ఇచ్చింది. ఇటుకంత మందం నోటుబుక్కు.

ఆమె తెలుగు పిల్ల అని నాకు ఎట్లా తెలిసిందంటే, లెక్క చేసేటప్పుడు పెదాలు కదిలేవి. పక్కన కూర్చుంటే వినపడేది, "మూడు ఐదులు పదిహేను, ఒకటి పోతే పద్నాలుగు." క్లాసంతా తమిళంలో గుణించుకుంటుంటే ఈ పిల్ల తెలుగులో గుణించుకుంటోంది! నాకు ఒళ్ళు పులకరించింది. ఆ రోజు నుంచి ఇద్దరం అంటుకుపోయాం. పక్కవాళ్ళకు అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి మాకో భాష దొరికింది, మేడం చీర మీద కూడా వ్యాఖ్యానాలు చేసుకునేవాళ్ళం.

ఆ నోటుబుక్కు అంచుల్లో ఆమె రాసుకున్న మాటలుండేవి. మాట తెలుగు, లిపి తమిళం. ఇద్దరికీ తెలుగు రాయడం రాదు మరి. మూడు వెక్టర్లు ఇచ్చి, మూడోది మొదటిదానికి రెండోది రెండింతలు కలిపితే వచ్చేదైతే, దాని పక్కన ఇట్లా ఉండేది: "ఇది కొత్త ఆసామి కాదు. ఇంట్లో ఉండేవాళ్ళే వేషం మార్చుకొని వచ్చినారు." లీనియర్ డిపెండెన్స్ అంటే అంతే. గైడులో రెండు పేజీలు చదివినా నాకు ఎక్కనిది ఆ రెండు వాక్యాల్లో ఎక్కింది.

ఐగెన్ వెక్టర్ల దగ్గర నేను ఏడ్చినంత పని చేస్తే, ఆమె సంచిలోంచి ఒక గుడ్డ తీసింది. తమ్ముడి పాత బనీను ముక్క. దాని మీద పెన్నుతో అడ్డంగా ఒక గీత, మూలగా రెండు గీతలు గీసింది. "ఆ కొస నువ్వు పట్టుకో. అడ్డంగా లాగు" అంది. లాగాను. మూలగా ఉన్న గీతలు రెండూ పక్కకు వాలిపోయాయి. అడ్డ గీత మాత్రం ఉన్న దారిలోనే ఉండి సాగింది. "చూసినావా? అన్నీ తిరిగిపోతాయి. ఇది మాత్రం తిరగదు, పొడుగవుతాది అంతే. అదే ఐగెన్ వెక్టర్. ఎంత పొడుగైందో అదే ఐగెన్ వేల్యూ. అంతేనే, దీనికి పోయి ఏడుస్తావా!" అంది. నేను బతుకంతా క్లాసుల్లో చేసి చూపించింది ఈ బనీను ముక్క పాఠమే. ఎక్కడిదని ఏ పిల్లా అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆమెకు ఫస్టు క్లాసు రావాలి. వస్తే మా కాలేజీలోనే ఎమ్మెస్సీ సీటు, ఫీజు లేకుండా. రాకపోతే తల్లి పక్కన రీలింగులో చోటు ఖాళీగా ఉంది, మేస్త్రీ అప్పటికే రెండుసార్లు అడిగి పోయాడు. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పరీక్షల ముందు సెలవులిచ్చారు. పుస్తకాల తనిఖీ అని లైబ్రరీకి తాళం పడింది. నోటుబుక్కులో ఆఖరి చాప్టరు ఆమె తాళం పడే ముందు రెండు రోజుల్లో ఆదరాబాదరాగా ఎత్తి రాసుకుంది, ఇంకా చదువుకోలేదు. ప్రతి మ్యాట్రిక్సూ తన సమీకరణానికి తానే లొంగుతుందనే సిద్ధాంతం, దాని రుజువు అందులోనే ఉన్నాయి. "శనివారం మా ఇంటికి రావే, కలిసి చదువుదాం" అన్నాను.

మా అవ్వకు ఒక బాధ ఉండేది. నా స్నేహితురాళ్ళంతా తమిళం వాళ్ళని. "మన మాట మాట్లాడే పిల్ల ఒక్కతె కూడా దొరకలేదా నీకు" అని సణిగేది. కాబట్టి బస్టాపు నుంచి వస్తూ ఈమెతో చెప్పాను, మా అవ్వతో తెలుగులోనే మాట్లాడాలి అని.

ఆమె నడక తగ్గించింది. "వద్దే. నేను తమిళంలోనే మాట్లాడతా. అదే మేలు."

"సిగ్గేమే నీకు? మా అవ్వకి తెలుగంటే ప్రాణం. నెత్తిన పెట్టుకుంటాది చూడు."

"వద్దంటే విను" అంది మళ్ళీ. నేను వినలేదు. ఎందుకు వద్దంటోందో నాకు తెలియదా? ఇన్నేళ్ళూ తెలియదనే చెప్పుకుంటూ వచ్చాను. మూడేళ్ళలో ఆమె ఇంటికి నేను ఒక్కసారి కూడా పోలేదు, ఆమె ఇంటిపేరు ఒక్కసారి కూడా అడగలేదు. తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డానంటే లోపల తెలిసినట్టే కదా.

వాకిట్లోకి రాగానే నేనే అరిచాను, "అవ్వా, తెలుగు పిల్లని పిలుచుకొచ్చినా!"

అవ్వ చేట పక్కన పెట్టి లేచింది. ఆమె "బాగుండారా అవ్వా" అంది. అవ్వ ముఖం విప్పారింది. "ఎంత బాగా మాట్లాడతావమ్మా! రా, లోపలికి రా. ఏ ఊరు మీది? ఇంటిపేరేమి?"

ఇది మాలో ఉన్న అలవాటు. తమిళం వాళ్ళకు పేరు ముందు ఒక అక్షరం చాలు, కాలేజీ రిజిస్టర్లోనూ అంతే. తెలుగు వాళ్ళం ఇద్దరం కలిస్తే మాత్రం మొదట అడిగేది ఇంటిపేరే. దాన్ని బట్టి చుట్టమో కాదో, లోపలికి రానివ్వాలో లేదో తేలిపోతుంది. ఆమె తమిళంలో మాట్లాడి ఉంటే అవ్వ ఆ ప్రశ్న అడిగేదే కాదు. క్లాసు పిల్ల అనుకుని ఇంటి లోపలి కూడం‌లో కూర్చోబెట్టేది.

ఆమె తడబడలేదు. ఇంటిపేరు చెప్పింది, తాత ఏ ఊరి నుంచి పోదనూరు వచ్చాడో చెప్పింది. ఆ ఇంటిపేరు వాళ్ళు మా పొలంలో పత్తి ఏరడానికి వచ్చేవాళ్ళు, పెరటి గోడ అవతలే నిలబడి కూలి తీసుకునేవాళ్ళు.

అవ్వ కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను కూడా ఎదురు మాట్లాడేదాన్నేమో. చాలా మర్యాదగా, "లోపల ఉక్కగా ఉండాది తల్లీ. బయట తిన్నె మీద గాలొస్తాది. ఆడ కూర్చోని చదువుకోండి" అంది. కాసేపటికి మజ్జిగ వచ్చింది. నాకు ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు లోటాలో. ఆమెకు పెరట్లో కూలివాళ్ళ కోసం బోర్లించి ఉంచే సత్తు గ్లాసులో. నేను చూశాను. ఆమె చూసింది. నేను తల దించుకుని పేజీ తిప్పాను. ఆమె మజ్జిగ తాగి, ఎవరూ చెప్పకుండానే గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించి వచ్చి కూర్చుని, "ఎక్కడ విడిచినాం?" అంది.

మధ్యాహ్నం సంగుకు ఆమె లేచింది. ఆఖరి చాప్టరు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండు రోజులు నోటుబుక్కు ఉంచిపొమ్మని బతిమాలాను. "సోమవారం హాల్ టికెట్టుకి వస్తావు కదా, తప్పకుండా తే. ఆ చాప్టరు నేనూ చదవాల" అని చేతిలో పెట్టి పోయింది.

ఆ సాయంత్రం అవ్వ ముఖం చూడబుద్ధి కాక తిన్నె మీదే కూర్చుని ఆ చాప్టరంతా నా నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నాను. రాస్తే గానీ నాకు తలకెక్కదు. రుజువు మొత్తం, అంచుల్లో ఆమె మాటలతో సహా. చీకటి పడుతుంటే నా నోటుబుక్కు తీసుకుని లోపలికి పోయాను. ఆమెది తిన్నె మీదే వదిలాను. మరిచిపోలేదు. దాన్ని లోపలికి తీసుకుపోతే అవ్వ ఏమంటుందోనని వదిలాను.

ఆదివారం పొద్దున నేను లేచి వచ్చేసరికి తిన్నె కడిగి ఉంది, పసుపు వాసన. నోటుబుక్కు ఎండలో గోడ మీద విప్పి పెట్టి ఉంది, అంచుల నుంచి చుక్కలు కారుతున్నాయి. కుట్టిన నూలు నీళ్ళు పీల్చుకుని పచ్చగా ఉబ్బింది. ఏడాది పాటు సిరా పెన్నుతో రాసిన అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి. ముందు పేజీలు అక్కడక్కడ మిగిలాయి. కొత్తగా రాసిన ఆఖరి చాప్టరు మాత్రం నీలం, పసుపు కలిసి మురికినీళ్ళ రంగులో నిలిచింది.

"ఏమి చేసినావవ్వా!" అని అరిచాను.

"శుద్ధి చేసినా" అంది అవ్వ, నా అరుపు అర్థం కాక. "చదువు కదే, ఎవురు రాసినా సరస్వతే. తిన్నె మీద పడేసి ఉంటే నా మనసు ఒప్పలా. పసుపు నీళ్ళు పోసినా, ఇంక లోపలికి తెచ్చుకో."

అవ్వకు చదువు రాదు. సిరా నీళ్ళకు కరిగిపోతుందని ఆమెకు తెలియదు. పుస్తకాన్ని గౌరవించి లోపలికి రానివ్వడానికే ఆ పని చేసింది. అవ్వను తిట్టుకోవడం నాకు సులువు, కానీ ఆమె చేసింది తెలియక. తెలిసి చేసింది ఆ తరవాత నేను చేసింది.

సోమవారానికి పేజీలు ఎండబెట్టి, ఇస్త్రీ చేసి తీసుకుపోయాను. కాలేజీ వరండాలో ఆమె చేతికిచ్చి, "బిందె తగిలి నీళ్ళు ఒలికినాయే" అన్నాను.

ఆమె తెరిచింది. పసుపు రంగు కనపడుతూనే ఉంది, ఎంత ఇస్త్రీ చేసినా వాసన పోలేదు. "బిందె నీళ్ళా?" అంది ఒక్కసారి నా కళ్ళలోకి చూసి. "ఊ" అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆ విషయంలో ఆమె నన్ను మన్నించేసిందని నాకు తెలిసింది. ఆ ఇంటి నుంచి అంతకంటే మంచిది వస్తుందని ఆమె అనుకోలేదు.

పేజీలు తిప్పుకుంటూ చివరికి పోయింది. "ముందుండేదంతా నాకు నోటికి వచ్చు. పరవాయిల్లడీ, పోనీలే. కడా చాప్టరే, ఈ ఆఖరిదే చదవలేదు... నువ్వు ఎత్తి రాసుకున్నావా?"

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో చెప్పడానికి బతుకంతా సాకులు వెతికాను. రాసుకున్నానంటే ఇవ్వాలి, ఇస్తే పరీక్ష దాకా నాకుండదు, అది ఒక భయం. ప్రతి టెర్ములో ఆమెకే మొదటి మార్కులు, నేనెప్పుడూ రెండోదాన్నే. ఆ కుళ్ళు ఎక్కువ. మంగళవారం నా కాపీ సంచిలో పెట్టుకుని పోదనూరు బస్సెక్కాను కూడా. రైల్వే వంతెన దగ్గర దిగిపోయి తిరుగు బస్సెక్కాను. ఇవ్వాలంటే నిన్న అబద్ధమాడానని చెప్పాలి, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు గుండె చాలలేదు.

గురువారం పరీక్ష. మెట్ల మీద కూర్చుని ఆమె ఆ పచ్చటి పేజీలు వెలుతురుకు పట్టి చూస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. "ఏమే, అడ్జాయింట్ తో గుణించినాక తర్వాతి వరస ఏమే? నువ్వు రెండు దినాలు చూసినావు కదా, ఏమన్నా గుర్తుండాదా?"

నా ఒళ్ళో సంచి ఉంది. సంచిలో ఆ వరస ఉంది. పక్కనే ఆమె మాటే ఉంది: "ఒకే మెట్టు మీద ఉండేవాటిని రెండు పక్కలా సరిచూడు." నోరు తెరిచి ఆ ఒక్క ముక్క చెప్పినా చాలు, మిగతాది ఆమె కట్టుకుపోయేది.

"నాకూ గుర్తు లేదే" అన్నాను. గంట కొట్టారు.

ఆ రుజువే వచ్చింది, పెద్ద ప్రశ్నగా. అది వద్దనుకుంటే బదులుగా నాలుగు వరసల మ్యాట్రిక్సు లెక్క. నేను రుజువు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా రాశాను. రెండు బల్లల ముందు ఆమె కూర్చుంది. పెదాలు కదులుతూ ఉన్నాయి, చేతివేళ్ళు గుణిస్తూ ఉన్నాయి. ఆ లెక్క సాగీ సాగీ, ఎక్కడో ఒక గుర్తు తప్పి, మళ్ళీ మొదటికొచ్చి, కాగితాలు లాక్కునేటప్పటికి ఇంకా రాస్తూనే ఉంది. బయటికొచ్చి అడిగితే రుజువు మొత్తం రాశానన్నాను.

ఫలితాలొచ్చాయి. నాకు ఫస్టు క్లాసు. ఆమెకు కాస్తలో పోయింది, ఆ ఒక్క పేపరులోనే.

మేడం ఇద్దరినీ తన గదికి పిలిచింది. ఆమెతో తమిళంలో, "ఇదేం పెద్ద విషయం కాదు. మదురైలో ఒక కాలేజీ ఉంది, ఈ మార్కులకు కూడా సీటిస్తారు. ఫీజు సంగతి నేను మాట్లాడతాను. ఉత్తరం రాసిస్తా, మీ నాయనను తీసుకుని పో" అంది. నాకు ఊపిరి వచ్చింది. అమ్మయ్య, ఏమీ కాలేదు, అంతా సర్దుకుంది అనుకున్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడం. నాకు అంత బుద్ధి లేదు" అంది. మేడం ఏదో అనబోతే నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "ఏడాది కూర్చుని నా చేత్తో నేను రాసుకున్నది, మేడం. పేజీలు చెడిపోతే నాకు ఒక వరస గుర్తు రాలేదు. ఇది రెండు రోజులు చూసింది, అంతే. కాపీ కూడా లేదు. మెట్ల మీద గుర్తు లేదంది, లోపలికి పోయి కూర్చుంటే మొత్తం వచ్చేసింది. అదీ బుద్ధంటే. చదవాల్సింది ఇట్లాంటి వాళ్ళు."

ఆ మాటల్లో ఎత్తిపొడుపు లేదు. నేను వెతికాను, లేదు. పసుపు నీళ్ళు ఆమె ఊహించింది. ఇది ఆమె ఊహకు కూడా అందలేదు. నా అబద్ధాన్ని నమ్మి, తన తల మీద తనకున్న నమ్మకాన్ని వదులుకుంది. ఆ వారమే రీలింగులో చేరింది.

ఆ గదిలో నేను నోరు విప్పాల్సింది. పరీక్ష రోజు నా సంచిలో కాపీ ఉండిందని చెప్పాల్సింది. తల దించుకుని నేల చూస్తూ నిలబడ్డాను. అది వినయం అనుకుని మేడం నా భుజం తట్టింది.